పండు దాటిన మొవ్వు

మామిడి కొమ్మ చివర పూత వచ్చిందంటే ఆ కొస ఎదుగుదల అక్కడితో సరి. అరటి గెల వేశాక కొత్త ఆకు వేయదు. వరి కంకి బయటపడ్డాక ఆ పిలక పని అయిపోయినట్టే. కాండం కొసన ఎదుగుతూ ఉండే కణాలు ఒకసారి పూలుగా మారాక మళ్లీ ఆకులు వేసే పనిలోకి రావడం మొక్కల్లో చాలా అరుదు. ఆ అరుదైన పనిని అనాస ఏటా, ప్రతి పండులో, మన కళ్లముందే చేసి చూపిస్తుంది. దాని కాండం కొస నెలల తరబడి ఆకులు వేస్తుంది, తర్వాత వందకు పైగా పూలు వేస్తుంది, ఆ పూల వరస ముగియగానే మళ్లీ ఆకులు వేయడం మొదలుపెడుతుంది. పండు నెత్తిన గుబురుగా నిలిచే ఆకుపచ్చ తల అలా పుట్టిందే.

కత్తిపీట మీద మొదటి వేటుకు తెగి చెత్తబుట్టలో పడేది ఈ తలే. దాని నడుమ ప్రాణంతో ఉన్న మొవ్వు ఉంది. అడుగున, ఆకుల చాటున, వేర్లు కావడానికి సిద్ధంగా ఉన్న మొగ్గలున్నాయి. దాన్ని మొక్కగా పెంచడానికి తోట అక్కర్లేదు, ఒక కుండీ, కాస్త ఎండ, చాలా ఓపిక చాలు. ఈ పెంపకంలో చేయాల్సిన ప్రతి పనికీ మొక్క శరీరంలో ఒక కారణం ఉంది. ఆ కారణాలు తెలిసినవారు సూచనల పట్టికను వల్లెవేయనక్కర్లేదు. ఏం చేయాలో మొక్కే చెబుతుంది.

పండులో నుంచి సాగిపోయే కాండం

అనాసపండును నిలువునా చీల్చి చూడండి. నడుమ గట్టిగా, పీచుగా ఉండి మనం కోసి పారేసే బెండు అడుగు నుంచి పైదాకా ఒకే కడ్డీలా సాగుతుంది. అది కాండమే. కింద పండు తొడిమగా మొదలై, పండు మధ్యగా సాగి, పైన తలలోకి వెళ్లి మొవ్వు దగ్గర ముగుస్తుంది. పండు ఆ కాండానికి చుట్టూ అతుక్కున్న పూల సమూహం.

తొక్క మీద కనిపించే ఒక్కో కన్ను ఒక్కో పువ్వు మిగిల్చిన గుర్తు. ఒక పండులో సాధారణంగా 100 నుంచి 200 పూలుంటాయి. ప్రతి పువ్వూ ఒక చిన్న కాయగా ఉబ్బి, పక్కనున్న కాయలతోనూ, నడిమి కాండంతోనూ కలిసిపోతుంది. ఇలాంటి పండును వృక్షశాస్త్రంలో సంయుక్త ఫలం అంటారు. పనసపండు కూడా ఈ కోవదే. అనాస కన్నులు అడ్డదిడ్డంగా ఉండవు. ఒక దిక్కుగా తిరిగే మెలికలు లెక్కపెడితే సాధారణంగా 8, ఎదురు దిక్కుగా 13, నిటారుగా పైకెక్కేవి 21 వస్తాయి. మొవ్వు దగ్గర ఆకులైనా పూలైనా ఒకే క్రమంలో, ఒకదాని తర్వాత ఒకటిగా పుట్టడమే దీనికి కారణం.

ఇన్ని పూలున్న పండులో గింజలెందుకు లేవు? సాగులో ఉన్న అనాస రకాలు తమ పుప్పొడితో తాము ఫలదీకరణ చెందవు. ఫలదీకరణ లేకపోయినా కాయ ఉబ్బుతుంది. దీన్ని అనిషేక ఫలనం అంటారు. వేరే రకం అనాస పుప్పొడి అందితే మాత్రం చిన్న గట్టి గింజలు కడతాయి. అనాస పుట్టిన దక్షిణ అమెరికాలో ఆ పుప్పొడిని మోసేవి హమ్మింగ్‌బర్డ్‌లు. అందుకే అనాస పండించే హవాయి దీవుల్లోకి ఆ పిట్టలను తీసుకురావడం నిషేధం.

గింజ లేని పంటకు మిగిలే దారి ముక్కలు నాటుకోవడం. అనాసకు అలాంటి ముక్కలు మూడు రకాలు: పండు మీది తల, పండు తొడిమ దగ్గర పుట్టే చిన్న పిలకలు, మొక్క మొదట్లో పుట్టే పెద్ద పిలకలు. ఏది నాటినా వచ్చేది తల్లి మొక్క ప్రతిరూపమే. మీరు క్యూ రకం పండు తల నాటితే క్యూ పండే కాస్తుంది, క్వీన్ తల నాటితే క్వీన్ కాస్తుంది. జన్యువుల లెక్కలో అది కొత్త మొక్క కాదు. ఎప్పటినుంచో ఒక కుండీ నుంచి ఇంకో నేలకు మారుతూ వస్తున్న అదే మొక్క.

తలలే సముద్రాలు దాటాయి

1493లో కొలంబస్ తన రెండో యాత్రలో కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో అనాసను చూశాడు. అప్పటికే దక్షిణ అమెరికా ఆదివాసీలు ఎన్నో తరాలుగా ముక్కలు నాటుకుంటూ ఈ మొక్కను దీవులదాకా చేర్చారు. తర్వాతి శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో అది భారతదేశం చేరింది. మొగల్ చక్రవర్తి జహంగీర్ తన ఆత్మకథలో, పరంగీల రేవుల్లో పండే ఈ పండు ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటా వేల సంఖ్యలో కాస్తోందని రాసుకున్నాడు.

ఇంత వేగం సాధ్యపడిందంటే ఆ ఘనత తలదీ, పిలకలదీ. మట్టి లేకుండా, నీరు లేకుండా వారాల తరబడి పడి ఉన్నా మొవ్వు బతికే ఉంటుంది. ఓడ ప్రయాణానికి ఇంతకన్నా అనువైన నారు దొరకదు. చలిదేశాల్లో మాత్రం దానికి వెచ్చదనం కావాల్సి వచ్చింది. 17వ శతాబ్దం చివర నెదర్లాండ్స్‌లో ఆగ్నెస్ బ్లాక్ అనే ఉద్యాన ప్రియురాలు తన వెచ్చని గాజు ఇంట్లో అనాసను కాయించింది. తర్వాత ఇంగ్లండు తోటమాలులు తోళ్లు ఊనడానికి వాడిన బెరడును గుంటల్లో పోసి, అది కుళ్లేటప్పుడు పుట్టే వేడిలో కుండీలను పాతిపెట్టేవారు.

తెలుగు నేల మీద ఆ తంటా లేదు. విశాఖపట్నం దగ్గరి సింహాచలం కొండల్లోనూ, సీతంపేట ఏజెన్సీలోనూ అనాస వాలు నేలల్లో హాయిగా పండుతుంది. అక్కడ వాన పడుతుంది, పడ్డ నీరు నిలవకుండా జారిపోతుంది, మట్టి కాస్త పులుపు గుణంతో ఉంటుంది. అనాస కోరేవి ఈ మూడే. మేడ మీది కుండీలో మనం చేయాల్సింది ఆ కొండవాలును చిన్నగా తయారుచేయడం.

కోయడం, ఒలవడం, ఆరబెట్టడం

తల ఎంపికలోనే సగం ఫలితం తేలిపోతుంది. ఆకులు పచ్చగా, బిర్రుగా ఉండాలి. నడిమి లేత ఆకును మెల్లగా లాగితే ఊడి రాకూడదు. చేతిలోకి సులువుగా వచ్చేసి, దాని మొదలు గోధుమరంగుకు తిరిగి కుళ్లు వాసన వేస్తే మొవ్వు చచ్చిపోయినట్టే. ఆ తల నాటినా ప్రయోజనం లేదు. చాలా రోజులు ఫ్రిజ్‌లో ఉన్న పండు తల కూడా చలికి దెబ్బతిని ఉండవచ్చు. బజారులో అప్పుడప్పుడు తల నడుమ తొలిచేసిన పండ్లు కనిపిస్తాయి. మొవ్వే లేని తల మొలవదు.

పండును ఒక చేత్తో, తలను మరో చేత్తో పట్టుకుని మెలితిప్పితే తల కాస్త బెండుతో ఊడి వస్తుంది. రాకపోతే కత్తితో కోసి, అంటుకున్న పండు గుజ్జంతా చెక్కేయాలి. ఈ పని శ్రద్ధగా చేయాలి. గుజ్జులోని చక్కెర బూజుకు విందు. అది మట్టిలోకి వెళ్తే కుళ్లు మొదలై కాండంలోకి పాకుతుంది.

తర్వాత అడుగు ఆకులను ఒక్కొక్కటే కిందికి లాగి ఒలవాలి. రెండు మూడు సెంటీమీటర్ల కాండం బయటపడేదాకా ఒలిస్తే చాలు. రసం తగిలి కొందరికి చేతులు దురద పెట్టవచ్చు, వెంటనే కడుక్కోవడం మంచిది. ఒలిచిన కాండాన్ని వెలుతురులో చూడండి. చుట్టూ గోధుమరంగు చుక్కలు, చిన్న బొడిపెలు కనిపిస్తాయి. అవి వేరు మొగ్గలు. ఒక్కోసారి వాటిలో కొన్ని అప్పటికే పొడుచుకొచ్చి ఆకు మొదటికి చుట్టుకుని ఉంటాయి. పండు మీద ఉన్నంతకాలం తలకు వేర్ల అవసరం లేదు, కింది నుంచి అన్నీ అందుతాయి. అయినా అది వేర్లకు ఏర్పాటు చేసుకునే ఉంది. ఆకులు ఒలవమనేది ఈ మొగ్గలకు దారి ఇవ్వడానికే.

ఒలిచిన తలను నీడలో, గాలి తగిలేచోట తలకిందులుగా పెట్టి మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. వానాకాలంలో వారం పట్టవచ్చు. కోసిన గాయం మీద ఎండిన పొర కట్టడానికి ఈ గడువు. పచ్చి గాయంతో నాటితే తడి మట్టిలోని శిలీంధ్రాలు నేరుగా లోపలికి చొరబడతాయి. కొత్తవారి చేతిలో తలలు చచ్చిపోవడానికి ప్రధాన కారణం నీరు తక్కువ కావడం కాదు, ఈ కుళ్లే. రోజుల తరబడి ఎండబెడితే మొక్క ఎండిపోదా అన్న సందేహం సహజం. దానికి జవాబు ఆకులోనే ఉంది.

రాత్రి తెరుచుకునే ఆకులు

ఆకు కార్బన్ డయాక్సైడ్ తీసుకోవాలంటే పత్రరంధ్రాలు తెరవాలి. తెరిస్తే లోపలి నీరు ఆవిరైపోతుంది. వరి, గోధుమ, కంది వంటి మొక్కలు పగలు ఎండలోనే రంధ్రాలు తెరుస్తాయి కాబట్టి ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ సంపాదించడానికి సుమారు 400 నుంచి 500 గ్రాముల నీరు వదులుకుంటాయి. అనాస వంటి మొక్కలకు 50 నుంచి 100 గ్రాములతో సరిపోతుంది.

అనాస రంధ్రాలు ప్రధానంగా రాత్రి తెరుచుకుంటాయి. చల్లటి గాలిలో నీటి నష్టం తక్కువ. లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆకు మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని రిక్తికల్లో నిల్వ చేస్తుంది. తెల్లవారి ఎండెక్కాక రంధ్రాలు మూసుకుని, ఆ ఆమ్లాన్ని విడగొట్టి కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి బయటికి తీసి, సూర్యకాంతి సాయంతో చక్కెర తయారుచేసుకుంటుంది. అంటే ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉండి, పొద్దు గడిచేకొద్దీ ఆ పులుపు పోగొట్టుకుంటుంది.

ఈ పులుపును గమనించి రాసిన తొలి శాస్త్రజ్ఞుల్లో ఒకరికి తెలుగునాటితో సంబంధం ఉంది. తూర్పు గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీకి ఒక వృక్షోద్యానం ఉండేది. అక్కడ విలియం రాక్స్‌బర్గ్ తర్వాత పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైనె. ఆయన 1813లో రాసిన ఒక లేఖలో, మనం రణపాల అని పిలిచే మొక్క ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటోందని వివరించాడు. రణపాల క్రాసులేసియే కుటుంబానికి చెందినది. రాత్రి ఆమ్లం దాచుకునే ఈ పద్ధతికి తర్వాతి శాస్త్రజ్ఞులు ఆ కుటుంబం పేరే పెట్టారు. అనాస, కలబంద, నాగజెముడు, వనిల్లా అన్నీ ఈ బాట పట్టినవే.

ఇక్కడ ఒక ప్రచారాన్ని సరిదిద్దాలి. ఇలాంటి మొక్కలు రాత్రి ఆక్సిజన్ ఇస్తాయి కాబట్టి పడకగదిలో పెట్టుకోవాలని చాలామంది చెబుతుంటారు. ఆక్సిజన్ పుట్టేది నీటి అణువును కాంతి చీల్చినప్పుడు. చీకట్లో ఏ మొక్కా దాన్ని తయారుచేయలేదు. అనాస రాత్రి చేసేది కార్బన్ డయాక్సైడ్ కూడబెట్టుకోవడం మాత్రమే. దాన్ని ఎండ తగిలే చోట ఉంచితేనే దానికి మేలు.

కుండీలో కొండవాలు

మొదట ఆరంగుళాల కుండీ చాలు. ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకుని, తలను రెండు మూడు సెంటీమీటర్ల లోతున నాటాలి. నల్లరేగడి ఒక్కటే వాడితే నీరు నిలిచి వేర్లు ఊపిరాడక చస్తాయి. నాటేటప్పుడు మొవ్వులో మట్టి పడనివ్వకూడదు. చుట్టూ మట్టిని వేళ్లతో గట్టిగా అదిమితే తల కదలదు, కొత్త వేర్లు తెగవు.

కొందరు గ్లాసులో నీళ్లు పోసి తలను అందులో నిలబెడతారు. వేర్లు రావడం పిల్లలు చూడాలంటే అది మంచి పద్ధతి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి, కాండం అడుగు మాత్రమే మునగాలి. అయితే నీటిలో వచ్చిన వేర్లు పెళుసుగా ఉంటాయి, మట్టిలోకి మార్చాక మొక్క మళ్లీ సర్దుకోవాలి. నేరుగా మట్టిలో నాటడమే నయం.

వేర్లు పట్టడానికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది. అంతవరకూ నీడపట్టున ఉంచి, పైమట్టి ఎండినప్పుడే కొద్దిగా నీళ్లు పోయాలి. అడుగు ఆకులు కొన్ని ఎండుతాయి. భయపడవద్దు. మొవ్వులో నుంచి లేతపచ్చ ఆకు వస్తే వేరు పట్టినట్టే. అక్కడినుంచి మెల్లగా ఎండకు అలవాటు చేసి, రోజుకు ఆరు గంటలైనా ఎండ తగిలేలా చూడాలి. 22 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వేడి అనాసకు అనుకూలం. మన ఏప్రిల్, మే ఎండల్లో ఆకులు మాడతాయి, అప్పుడు మధ్యాహ్నం నీడ తప్పనిసరి. ఏడాది లోపు పన్నెండంగుళాల కుండీకి మార్చాలి.

అనాస వేర్లు లోతుకు పోవు. ఆ లోటును ఆకులు తీరుస్తాయి. గరాటులా అమరిన ఆకుల మీద పడ్డ వాన, మంచు జారి వాటి మొదళ్లలో చేరుతుంది. అక్కడ ఆకు నీటినీ పోషకాలనూ పీల్చుకోగలదు, ఆకుల సందుల్లో వేర్లు కూడా పుడతాయి. అందుకే లీటరు నీటికి రెండు మూడు గ్రాముల యూరియా కలిపి నెలకోసారి ఆకుల మీద చల్లితే మొక్క అందుకుంటుంది. ఇదే సందుల్లో నీరు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ వ్యాప్తి చేసే ఏడిస్ జాతి దోమలకు ఇలాంటి చోట్లు ఇష్టం. వారానికోసారి కుండీని వంచి ఆ నీటిని పారబోయడం ఇంటిల్లిపాదికీ రక్ష.

మన ఇళ్లలో అనాసకు ఎదురయ్యే పెద్ద సమస్య బోరునీరు. దాని సున్నపు గుణం వల్ల మట్టిలో పులుపు తగ్గిపోయి, ఇనుము ఉన్నా వేర్లకు అందదు. లేత ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. హవాయిలో 20వ శతాబ్దం తొలినాళ్లలో మాంగనీసు ఎక్కువైన నేలల్లో తోటలకు తోటలే ఇలా పాలిపోయాయి. ఇనుము లవణమైన అన్నభేది ద్రావణాన్ని ఆకుల మీద చల్లాక అవి తిరిగి పచ్చబడ్డాయి. ఇంట్లోనూ ఒక చిటికెడు అన్నభేది లీటరు నీటిలో కరిగించి చల్లవచ్చు. వాననీరు పట్టి పోయగలిగితే అసలు సమస్యే రాదు.

ఆకు మొదళ్లలో తెల్లటి పిండిలాంటి పూత, పక్కనే చీమల బారు కనిపిస్తే పిండినల్లి పట్టినట్టు. చీమలు వాటి తీపి విసర్జన కోసం కాపలా కాస్తూ, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తాయి. పలుచని సబ్బునీటితో కడిగి, చీమల రాకను ఆపితే పిండినల్లి తగ్గుతుంది.

పొగ నేర్పిన పాఠం

కుండీలో నాటిన తల పూతకు రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పొద్దు తగ్గి, రాత్రులు చల్లబడే డిసెంబర్, జనవరి నెలల్లో ఎదిగిన మొక్క తనంతట తానే పూతకు తిరుగుతుంది. అప్పుడు దానిలో పుట్టే వాయువు ఇథిలీన్. మొవ్వును ఆకుల పని నుంచి పూల పనికి మళ్లించేది అదే.

ఈ సంగతి మనుషులకు పొగ ద్వారా తెలిసింది. అట్లాంటిక్ మహాసముద్రంలోని అజోర్స్ దీవుల్లో 19వ శతాబ్దంలో గాజు ఇళ్లలో అనాస పెంచేవారు. లోపల పొగ పెడితే మొక్కలన్నీ ఒకేసారి పూతకు వస్తున్నాయని వారు కనిపెట్టారు. పొగలో ఉన్నదేమిటో వారికి తెలియదు. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రి నెల్యుబోవ్ వీధిదీపాల గ్యాసులో మొలకలను వంకరలు తిప్పుతున్నది ఇథిలీన్ అని నిరూపించాడు. 1932లో ప్యూర్టో రికోలో రోడ్రిగెజ్ అనే పరిశోధకుడు అనాసను పూయించే గుణం పొగలోని ఇథిలీన్‌దేనని చూపించాడు. నేడు రైతులు వాడే ఎథిఫాన్ మొక్క కణాల్లోకి వెళ్లాక విడిపోయి ఇథిలీన్‌నే విడుదల చేస్తుంది. తోటంతా ఒకేసారి కోతకు రావడం, ఏడాది పొడవునా పండు దొరకడం దానివల్లే.

ఇంట్లో ఎథిఫాన్ అక్కర్లేదు. బాగా పండిన ఆపిల్, అరటి ఇథిలీన్ వదులుతాయి. మొక్కకు 30, 40 ఆకులు వచ్చాక, కుండీని నీడలో పెట్టి, మొక్క పక్కన రెండు పండిన ఆపిల్ ముక్కలుంచి, మొత్తాన్ని పెద్ద ప్లాస్టిక్ సంచితో మూసి మూడు నాలుగు రోజులు ఉంచాలి. ఎండలో ఉంచితే మొక్క ఉడికిపోతుంది. ఫలించిందో లేదో రెండు నెలల్లో తెలుస్తుంది. మొవ్వు నడుమ ఎర్రని వలయం కనిపిస్తే పూత వచ్చినట్టే. చిన్న మొక్కకు ఈ ప్రయోగం చేయవద్దు. పూల సంఖ్య, పండు పరిమాణం ఆనాటికి ఆకుల్లో ఉన్న బలాన్నిబట్టే ఉంటాయి. తొందరపెడితే పిడికెడు పండు వస్తుంది.

పండు, ఆ తర్వాత

నీలి ఊదారంగు పూలు అడుగు నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. అన్నీ పూయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అక్కడినుంచి పండు పక్వానికి రావడానికి ఐదారు నెలలు. ఈ నెలల్లోనే పైన కొత్త తల పెరుగుతుంది.

కోతకు తొందరపడకూడదు. మామిడి, అరటి కోశాక కూడా మాగుతాయి, ఎందుకంటే వాటిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది, అది చక్కెరగా మారుతుంది. అనాసలో అలాంటి నిల్వ లేదు. తీపి అంతా ఆకుల నుంచి రావాల్సిందే. కోసిన తర్వాత తొక్క రంగు మారవచ్చు, మెత్తబడవచ్చు, తీపి మాత్రం పెరగదు. అడుగు కన్నులు పసుపు రంగుకు తిరిగి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కమ్మని వాసన వచ్చినప్పుడే కోయాలి. ఇంట్లో పండిన అనాస బజారు పండుకన్నా చిన్నదిగా ఉంటుంది. మొక్క మీదే పక్వానికి వచ్చింది కాబట్టి రుచిలో బజారు పండు దానికి సాటి రాదు.

ఒకసారి కాసిన కాండం మళ్లీ కాయదు. మొదట్లో, ఆకుల సందుల్లో పిలకలు వస్తాయి. వాటిలో బలమైనది ఒకటి ఉంచి మిగతావి తీసి వేరే కుండీల్లో నాటుకోవచ్చు. పిలకలో తలకన్నా బలం ఎక్కువ కాబట్టి తొందరగా కాపుకొస్తుంది.

రెండేళ్ల నిరీక్షణకు ఒక్క పండేనా అని లెక్క కట్టేవారికి బజారే మేలు. ఈ పెంపకం విలువ వేరే చోట ఉంది. సంయుక్త ఫలం, అనిషేక ఫలనం, రాత్రి కిరణజన్య సంయోగక్రియ సన్నాహం, ఇథిలీన్ ప్రభావం పాఠ్యపుస్తకంలో వేర్వేరు పాఠాలు. ఒక్క కుండీలో అవన్నీ ఒకే మొక్క జీవితంగా కనిపిస్తాయి. ఉపాధ్యాయులకు నా విన్నపం ఇదే. బడి వరండాలో రెండు అనాస తలలు నాటించండి, పక్కనే ఒక రణపాల కుండీ పెట్టించండి. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ ఆకుల రసాన్ని పీహెచ్ కాగితంతో పిల్లలచేత పరీక్ష చేయించండి, కొత్త ఆకు వచ్చిన ప్రతిసారీ తేదీ రాయించండి. ఆరో తరగతిలో నాటిన పిల్లలు ఎనిమిదో తరగతిలో తమ పండు తాము కోసుకుంటారు. ఆ పండు తలను కింది తరగతివారికి ఇప్పించండి.